చేతులు కట్టుకున్న శిష్యులు

మార్చి 4, ఆదివారం

ఆరాధన మధ్యలో తాగుబోతు ఒకడు లోపలికి వచ్చాడు. తిన్నగా ఆడవాళ్ల వైపు వెళ్లి బేకరీ చెల్లెమ్మ చెయ్యి పట్టుకున్నాడు. ప్రసంగం ఆపి గద్దించబోయాను. గొంతులోంచి గాలి తప్ప మాట రాలేదు. వెల్డర్ లేచాడు. వాడి మెడ పట్టుకుని వరండా దాకా ఈడ్చుకుపోయి మొహాన్ని ఇనుప గేటుకేసి రెండుసార్లు బాదాడు. పన్ను ఒకటి ఊడి మెట్టు మీద పడింది. వెల్డర్ తిరిగొచ్చి, చేతులు తుడుచుకుని, తన చాప మీద బుద్ధిగా కూర్చుని, "కానివ్వండి అయ్యగారూ" అన్నాడు.

జనం నవ్వారు. నేనూ నవ్వాను.

మెట్లు కడిగింది మా ఆవిడ. ఆసుపత్రి నర్సు, రక్తం కడగడం ఆమెకు కొత్త కాదు. కానీ కడుగుతున్నంతసేపూ నా వైపు చూడలేదు.

గొంతులో గడ్డ. ఏప్రిల్ చివర్లో ఆపరేషన్. ఆ తర్వాత మాట ఉంటుందో పోతుందో చెప్పలేనన్నాడు డాక్టరు. అందాకా నోరు విప్పడం తగ్గించమన్నాడు. జీవితమంతా నోటితో బతికినవాణ్ణి. ఎవరితోనూ చెప్పుకోకపోతే కడుపు ఉబ్బి పోయేట్టున్నాను. అందుకే ఇందులో రాసుకుంటున్నాను.

నా తర్వాత సంఘానికి కాపరి కావాలి. శిష్యత్వ తరగతిలో ఉన్నది వెల్డర్, దర్జీ, బేకరీ చెల్లెమ్మ, ఎలక్ట్రీషియన్, రంగుల కొట్టు అన్నదమ్ములు. ఎవరా అని ఇన్నాళ్లూ తల బద్దలు కొట్టుకున్నాను. ఈరోజు గేటు దగ్గర స్పష్టంగా కనిపించాడు.

మార్చి 6

తరగతి బాధ్యత వెల్డర్‌కు అప్పగించాను. ఒకప్పుడు ఇనుప సామాను బజారులో ఇతను వస్తున్నాడంటే షట్టర్లు దిగేవి. అలాంటివాణ్ణి కూర్చోబెట్టి అక్షరం అక్షరం వాక్యం నేర్పింది నేను. మాకు పిల్లలు లేరు. ఉంటే ఇతనిలా ఉండాలనుకుంటాను.

"ఎట్లా నడిపించమంటారు అయ్యగారూ?" అని అడిగాడు.

"శిక్షణ అన్న మాటలోనే శిక్ష ఉంది" అన్నాను. నా ప్రసంగాల్లో జనానికి బాగా నచ్చే మాట అది. వెల్డర్ దాన్ని పెదవులతో రెండుసార్లు అనుకున్నాడు, బట్టీ పట్టేవాడిలా.

మార్చి 9

క్రమం అంటే ఇది. పనుల్లోకి వెళ్లేముందు అందరూ ఠంచనుగా వస్తున్నారు. గోడ పక్కన వరుసలో నిలబడి, చేతులు కట్టుకుని, తల వంచుకుంటారు. వెల్డర్ కూర్చోమనేదాకా కూర్చోరు, కదలమనేదాకా కదలరు. మన హాలు ఒకప్పుడు టైర్ల గోడౌను. చెమ్మ పడితే ఇప్పటికీ రబ్బరు వాసన కొడుతుంది. ఈరోజు ఆ హాలు నాకు నిజంగా మందిరంలా అనిపించింది.

దర్జీ ఆలస్యంగా వచ్చాడు. వెల్డర్ తన షాపు నుంచి ఇనుపరజను తెప్పించి నేల మీద పోసి, దాని మీద మోకరించమన్నాడు. తరగతి అయ్యేదాకా. కాస్త ఎక్కువే అనుకోవాలి. కానీ మొదట్లో గట్టిగా ఉండాలి.

మార్చి 10

వంటింట్లో దర్జీని స్టూలు మీద కూర్చోబెట్టి మా ఆవిడ అతని మోకాళ్లలోంచి రజను పట్టకారుతో ఏరింది. ఒక్కోటీ గిన్నెలో వేస్తుంటే టింగుమని చప్పుడు.

"ఎందుకు మోకరించావురా?" అని అడిగింది.

"అన్న చెప్పాడమ్మగారూ."

"బావిలో దూకమంటే?"

దర్జీ కాసేపు ఆలోచించాడు. "మన సంఘంలో బావి లేదు కదమ్మగారూ" అన్నాడు. మెత్తటి మనిషి. చిన్నపిల్లలకు పాటలు నేర్పుతాడు, వాళ్ల చిరిగిన బట్టలు డబ్బు తీసుకోకుండా కుట్టిపెడతాడు. అందరికీ ఇష్టుడు. కానీ నాయకుడికి మెత్తదనం పనికిరాదు.

అతను వెళ్లాక ఆవిడ గిన్నె నా ముందు పెట్టింది. "ఇది శిష్యరికమా, పోలీసు స్టేషనా?"

గొంతు నొప్పిగా ఉందని సైగ చేశాను.

మార్చి 15

ఎలక్ట్రీషియన్ పెదవి పగిలింది. తలుపు తగిలిందన్నాడు. తలుపులు చూసుకుని నడవాలి.

మార్చి 18, ఆదివారం

ఏప్రిల్ పదిహేనున వెల్డర్‌ను కాపరిగా ప్రతిష్ఠిస్తున్నట్టు ప్రకటించాను. చప్పట్లు ఆగలేదు. వెల్డర్ ఏడ్చాడు. అంత మనిషి భుజాలు కదిలిపోయేలా ఏడుస్తుంటే నాకూ కళ్లలో నీళ్లు తిరిగాయి. బేకరీ చెల్లెమ్మ చప్పట్లు కొట్టలేదు. చేతులకు పిండి అంటుకుని ఉందేమో.

మార్చి 22

దర్జీ ఇంటికొచ్చాడు. తరగతి మానేస్తానన్నాడు. ఎందుకని అడిగితే చొక్కా పైకెత్తి వీపు చూపించాడు. కేబులుతో కొట్టిన వాతలు. కొన్ని పచ్చివి, కొన్ని మానుతున్నవి.

"లోబడటం నేర్చుకోవాలి నాయనా" అన్నాను.

"లోబడటానికీ భయపడటానికీ తేడా ఏంటి అయ్యగారూ?"

జవాబు లేక కాదు. గొంతు సహకరించలేదు. ముందు ముందు తెలుస్తుందన్నాను. వందనాలు చెప్పి వెళ్లిపోయాడు.

సాయంత్రం వెల్డర్ వస్తే, దర్జీ మనసు చెదిరింది, కొంచెం చూసుకో అన్నాను.

కొంచెం చూసుకో అన్నాను. అంతే.

మార్చి 24

వెల్డర్ షాపులో దర్జీ కుడిచెయ్యి ఇనుమును బిగించే వైస్‌లో పడింది. నాలుగు వేళ్లు. ప్రమాదం.

మార్చి 25, ఆదివారం

ప్రమాదమే. వెల్డర్ తనే ఆటోలో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. చేసినవాడైతే తీసుకెళ్తాడా? సంఘమంతా దర్జీ కోసం ప్రార్థించింది. అందరికంటే ఎక్కువసేపు ప్రార్థించింది వెల్డరే.

మార్చి 27

ఆ రోజు డ్యూటీలో ఉన్నది మా ఆవిడ. ఇవాళ అన్నం వడ్డిస్తూ చెప్పింది.

"చెయ్యి వైస్‌లో పడితే అన్ని వేళ్లూ ఒకేసారి నలుగుతాయి. వాడి వేళ్లు విడివిడిగా నలిగాయి. ఒకటయ్యాక ఇంకొకటి. మధ్యలో పిడి తిప్పి వదులు చేశారు, మళ్లీ బిగించారు."

కంచం పక్కకు జరిపాను.

"మీ గొంతులో గడ్డ ఉంది, సరే. మీ కళ్లకేమొచ్చింది?"

బట్టలు సంచిలో సర్దుకుని వాళ్ల అక్క ఇంటికి వెళ్లిపోయింది. డ్యూటీల వల్ల అలసిపోయింది పాపం. నాలుగు రోజులు ఉండి వస్తుంది.

మార్చి 29

బేకరీ చెల్లెమ్మ వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. వాళ్ల బేకరీ వెనక తలుపు వెల్డర్ షాపు ఎదురుగా తెరుచుకుంటుంది. దర్జీ చేతిని వైస్‌లో పెట్టడం చూసిందట. తను వెళ్లి అడ్డుపడితే తోసేసి షట్టరు వేశాడట. లోపల్నుంచి అరుపులు వినబడుతుంటే షట్టరు మీద గుద్దుతూనే ఉందట. ఆమె అరచేతులు ఇంకా కమిలి ఉన్నాయి.

"ప్రతిష్ఠ అయ్యేదాకా ఆగమ్మా" అన్నాను. "సంఘం పరువు ఉంది. తర్వాత నెమ్మదిగా మాట్లాడదాం."

"తర్వాత మాట్లాడితే అతని మీద మాట్లాడినట్టు కాదయ్యగారూ, కాపరి మీద మాట్లాడినట్టు అవుతుంది. అప్పుడు నా నోరు మూయించేది మీరే."

తెచ్చిన రొట్టె బల్ల మీద పెట్టి వెళ్లింది. రొట్టె నేను తినలేదు.

ఏప్రిల్ 2

వెల్డర్‌ను పిలిపించాను. తలుపు వేసి అడిగాను. ఒక్క అబద్ధం చెప్పలేదు. అది నన్ను ఇంకా గాభరా పెట్టింది.

"మీరు చూసుకో అన్నారు. చూసుకున్నా."

"చెయ్యి నలగ్గొట్టమన్నానా?"

"మరెట్లా చూసుకోవాలి అయ్యగారూ? వాడు పోతానన్నాడు. ఒకడు పోతే ఇంకొకడు పోతాడు. మా నాన్న నన్ను గొలుసుతో కొట్టేవాడు. అందుకే నేను ఇల్లు వదిలి ఎక్కడికీ పోలేదు." నిజంగా అర్థంకానట్టు నా మొహంలోకి చూశాడు. "శిక్షణలోనే శిక్ష ఉందని మీరే అన్నారు కదా."

తర్వాత నా ఒళ్లో తల పెట్టి ఏడ్చాడు. బరువైన తల. వెంట్రుకల్లో కాలిన ఇనుము వాసన. తప్పైతే క్షమించమన్నాడు. తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాను. క్షమించాను.

నలిగింది మీ వేళ్లా, మీరు క్షమించడానికి? అని అడిగే మనిషి ఇంట్లో లేదు.

ఏప్రిల్ 8, ఆదివారం

ఏమీ రాయలేను.

ఏప్రిల్ 10

రాయాలి. వరుసగా రాయాలి. లేకపోతే నేనే మార్చేసుకుంటాను.

ఆదివారం ఆరాధన అయ్యాక, ప్రతిష్ఠ రోజు ఎవరు ఎక్కడ నిలబడాలో వెల్డర్ శిష్యులకు చూపిస్తున్నాడు. అప్పుడు దర్జీని వెంటబెట్టుకుని వాళ్ల అన్న వచ్చాడు. లారీ డ్రైవరు. సంఘం మనిషి కాదు. చెప్పులు బయట విప్పాడు. చేతిలో ఏమీ లేదు. ఇది ముఖ్యం. అతని చేతిలో ఏమీ లేదు.

"పాస్టరుగారూ, గొడవకి రాలేదు నేను. మావాడి చెయ్యి ఎట్లా పోయిందో వీడు చెప్పట్లేదు. మీరు చెప్పండి. మీరు ఏది చెప్తే అదే నమ్మి ఇంటికెళ్లిపోతా."

"ప్రమాదం" అన్నాను.

ఆ ఒక్క మాటకు గొంతు చక్కగా పలికింది.

దర్జీ నన్ను చూశాడు. కోపంగా కాదు. నాకు జబ్బు ఎక్కువైందని తెలిసినప్పుడు చూసినట్టు చూశాడు. ఆ చూపు చూసి వాళ్ల అన్నకు అర్థమైపోయింది. వెల్డర్ దగ్గరికి వెళ్లి భుజం మీద చెయ్యి వేసి, "అయితే నువ్వు చెప్పు తమ్ముడూ" అన్నాడు.

వెల్డర్ మైకు స్టాండు తలకిందులుగా పట్టుకుని, దాని ఇనుప అడుగుతో అతని కణత మీద కొట్టాడు. తడి చప్పుడు. మనిషి చాపల మీద పడ్డాడు. పడ్డవాణ్ణి మళ్లీ కొట్టాడు. ముక్కు లోపలికి పోయింది. "అన్నా" అని దర్జీ ఒంటిచేత్తో వెల్డర్ చొక్కా పట్టి లాగాడు. వెల్డర్ వెనక్కి తిరిగి కట్టు కట్టిన చెయ్యి చూసి, దాని మీదే తన్నాడు. దర్జీ ముడుచుకుపోయి పడ్డాడు. వెల్డర్ మళ్లీ అన్న మీదికి వెళ్లాడు.

గోడ పక్కన ఎలక్ట్రీషియన్, రంగుల కొట్టు అన్నదమ్ములు నిలబడి ఉన్నారు. వరుసలో. చేతులు కట్టుకుని, తల వంచుకుని. రక్తం వాళ్ల కాళ్ల మీద చిందుతోంది. పాదాలు వెనక్కి తీసుకోలేదు. కదలమనే మాట కోసం ఎదురుచూస్తున్నారు. ఆ మాట చెప్పవలసినవాడు కొడుతున్నాడు.

బేకరీ చెల్లెమ్మ ఒక్కతే కదిలింది. అడ్డంగా వెళ్లి ఆ మనిషి మీద పడుకుంది. స్టాండు ఆమె భుజం మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. అయినా లేవలేదు.

ఆపమని అరిచాను. గాలి. మళ్లీ అరిచాను. గాలి. ఇనుప కుర్చీ మడిచి తీసుకుని వెనకనుంచి వెల్డర్ మెడ మీద కొట్టాను. మోకాళ్ల మీద కూలాడు. స్టాండు చేతిలోంచి జారి దొర్లిపోయింది. అక్కడితో అయిపోయింది. తల పైకెత్తి నన్ను చూసి "అయ్యగారూ" అన్నాడు.

మొహం మీద కొట్టాను. దవడ పక్కకు జరిగింది. మళ్లీ కొట్టాను.

మొదటి దెబ్బ ఆపడానికి. మిగతావి ఎందుకు? చేతుల్లోకి అంత బలం ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. కొడుతుంటే హాయిగా ఉంది. రాయకూడదనుకున్నాను, రాశాను. హాయిగా ఉంది.

కుర్చీ కాలు ఎవరో పట్టుకున్నారు. చూస్తే మా ఆవిడ. డ్రైవరు రాగానే చెల్లెమ్మ కబురు చేసిందట, ఆసుపత్రి నుంచి అప్పుడే వచ్చింది.

"చాలు" అంది. "ఇప్పుడు మీకూ అతనికీ తేడా లేదు." కుర్చీ లాగేసి, నేల మీద కూర్చుని, డ్రైవరు తలకు తన చున్నీ అదిమిపట్టింది.

ఏప్రిల్ 12

డ్రైవరు చనిపోయాడు. స్పృహ రాలేదు. ఇద్దరు ఆడపిల్లలట.

ఏప్రిల్ 13

సంఘ పెద్ద వచ్చాడు. పాతికేళ్లుగా మందిరం తాళాలు ఆయన దగ్గరే ఉంటాయి. తలుపు దగ్గరగా వేసి, పోలీసులతో ఏమనాలో చెప్పాడు. డ్రైవరే ముందు స్టాండు తీశాడు, పెనుగులాటలో తల మెట్టుకు తగిలింది. గోడ పక్కన నిలబడ్డ ఆ ముగ్గురూ ఇదే చెప్పడానికి ఒప్పుకున్నారట.

"ఒప్పుకున్నారా, ఒప్పించారా?"

"ఏది చెప్పమంటే అది చెప్తారు అయ్యగారూ. మంచి పిల్లలు. బాగా తయారు చేశారు మీరు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"మీరు ఏం మాట్లాడక్కర్లేదు. గొంతు బాలేదని డాక్టరు చీటీ ఉంది కదా. ఆపరేషన్ అయిపోతే ఇంక ఎవరు అడుగుతారు? ఊరికే ఉండండి. సంఘం నిలబడుతుంది."

ఎంత సులువు. ఊరికే ఉంటే చాలు.

ఏప్రిల్ 14

డ్రైవరు అంత్యక్రియలకు శ్మశానం గేటు దాకా వెళ్లాను. దర్జీ తల్లి లోపలికి రానివ్వలేదు. నా చొక్కా గుండీల దగ్గర పట్టుకుని ఊపేసింది. చెంప మీద కొట్టింది. చెయ్యి నొప్పి పుట్టి తనే ఆగిపోయింది. దర్జీ దూరంగా నిలబడి చూశాడు. ఆపలేదు. ఆపకూడదు కూడా.

ఏప్రిల్ 16

పోలీసు స్టేషనుకు వెళ్లాను. మా ఆవిడ తోడు వచ్చింది. ఎందుకొచ్చావని అడిగితే, "మీ మాట పోతే పూర్తిచేయడానికి" అంది.

ఇన్‌స్పెక్టర్ కుర్చీ దగ్గరికి లాక్కుని చెవి నా నోటి దగ్గర పెట్టాడు. ప్రతి మాటా రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. రజను గురించి చెప్పాను. వాతలు చూశానని చెప్పాను. చూసుకో అన్నానని, వేళ్ల సంగతి తెలిసీ ప్రమాదం అన్నానని చెప్పాను. డ్రైవరు చేతిలో ఏమీ లేదని చెప్పాను.

"వెల్డర్‌ని మీరు ఎన్నిసార్లు కొట్టారు?"

"మూడు."

"ఆపడానికి కొట్టారు. ఒకటని రాసుకుంటాను."

"ఒకటి ఆపడానికి. రెండు ఊరికే."

పెన్ను ఆపి చూశాడు. "పాస్టరుగారూ, మీ మీద కూడా కేసవుతుంది. తెలిసే చెప్తున్నారా?"

తెలిసే అన్నాను. ఆ మాట బయటికి రాలేదు. మా ఆవిడ వైపు చూశాను.

"తెలిసే అంటున్నారు" అంది.

ఏప్రిల్ 19

రాత్రికి రాత్రి ఎవరో కిటికీ అద్దాలు పగలగొట్టారు. మన సంఘంవాళ్లే. గోడ మీద ద్రోహి అని రాశారు. వెల్డర్‌ను పోలీసులకు పట్టించానని. ఆ చేతిరాత నాకు తెలుసు. ఎలక్ట్రీషియన్‌ది. ఎవరు రాయమన్నారో.

ఏప్రిల్ 26

రేపు ఆపరేషన్. ఆసుపత్రికి వెళ్లేముందు ఆవిడ, "ఏదైనా మాట్లాడండి, విని పెట్టుకుంటాను" అంది. ఎంతసేపు ఆలోచించినా ఆమె పేరు తప్ప ఏమీ తోచలేదు. అదే పిలిచాను. సరిపోయింది అంది.

మే 4

మాట లేదు. రాదు.

మే 6, ఆదివారం

సగం మంది సంఘ పెద్దతో వెళ్లిపోయి వేరే చోట కూడుకుంటున్నారు. మిగిలినవాళ్లను బేకరీ చెల్లెమ్మ పిలిచింది. చెయ్యి మెడకు వేలాడుతోంది. ఎవరూ ప్రతిష్ఠించలేదు, ఎవరూ అప్పగించలేదు. చాపలు పరిచింది, అంతే. రక్తం మరక ఎంత రుద్దినా పోలేదు. దాని మీద చాప వేయలేదు. దాని చుట్టూ వేసింది.

ఎలక్ట్రీషియన్, అన్నదమ్ములు వచ్చి అలవాటు కొద్దీ గోడ పక్కన నిలబడ్డారు.

"కూర్చోండి" అంది. కూర్చున్నారు. "చూశారా, నేను చెప్పగానే కూర్చున్నారు. ఇదే మన జబ్బు. లేవండి. మీకు కూర్చోవాలనిపించినప్పుడు కూర్చోండి."

చాలాసేపు నిలబడే ఉన్నారు. ఏం చేయాలో తోచక చిన్నవాడు ఏడ్చాడు. చివరికి పెద్దవాడు ముందుగా కూర్చున్నాడు.

"ఆ రోజు ఎవరు ఏం చేశారో వాళ్లే చెప్పాలి. పాఠం అదే. ఇంకో పాఠం నాకు రాదు."

"నేను కదల్లేదు" అన్నాడు ఎలక్ట్రీషియన్. "అయ్యగారి గోడ మీద రాసింది నేనే" అన్నాడు. "నేనూ కదల్లేదు" అన్నాడు పెద్దవాడు. చిన్నవాడికి మాట రాలేదు. చెల్లెమ్మ తొందరపెట్టలేదు. నేను సుద్దముక్క తీసుకుని బోర్డు మీద రాశాను: తెలిసీ ప్రమాదం అన్నాను. రాసి వాళ్ల పక్కన చాప మీద కూర్చున్నాను.

అప్పుడు గుమ్మంలో దర్జీ కనిపించాడు. చెల్లెమ్మ లేవబోయింది.

"కూర్చోడానికి రాలేదక్కా. మా అన్న ఎక్కడ పడ్డాడో చూడ్డానికొచ్చా."

లోపలికి వచ్చి మరక దగ్గర నిలబడ్డాడు. బోర్డు చదివాడు. నా వైపు చూడలేదు. బాగుపడని చేతిని బాగున్న చేత్తో పట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ వస్తాడని ఎవరమూ అనుకోలేదు. వస్తే బాగుండునని అందరమూ అనుకున్నాము.

మే 20, ఆదివారం

జైలుకు వెళ్లాను. నా కేసు ఇంకా నడుస్తోంది, జామీను మీద ఉన్నాను. కాగితం, పెన్ను గేటు దగ్గరే తీసేసుకున్నారు. మొత్తుకోవడానికి నోరు లేదు.

వెల్డర్ చిక్కిపోయాడు. దవడ వంకరగా అతుక్కుంది. మాటలు ఒక పక్కనుంచి వస్తున్నాయి. నన్ను చూడగానే కళ్లు వెలిగాయి.

"వందనాలు అయ్యగారూ. ఆపరేషన్ అయిందా?"

మెడ మీది కుట్టు చూపించాను. అర్థమైంది. 

"మీరేం దిగులు పడకండి. మీ పని ఆగలేదు. లోపల ఐదుగురిని తయారు చేస్తున్నా. దొంగలు, తాగుబోతులు. బాగా లోబడుతున్నారు. పొద్దున్నే వరుసలో నిలబడతారు. ఒకడు మాత్రం కొంచెం మొండి. వాడికి కూడా నిన్న..."

వద్దని చెప్పడానికి చెయ్యి పైకెత్తాను.

వెల్డర్ తల పక్కకు తప్పించుకుని రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. మధ్యలో ఊచలున్నాయి. నా చెయ్యి వేలెడు దూరం కూడా అటు వెళ్లదు. అయినా అంత మనిషీ ముడుచుకుపోయి, కళ్లు మూసుకుని, దెబ్బ కోసం ఎదురుచూశాడు.

చెయ్యి దించేశాను. రెండు అరచేతులూ తెరిచి ఊచల దగ్గర పెట్టాను. చాలాసేపటికి కళ్లు తెరిచాడు. తల అడ్డంగా ఊపాను. మళ్లీ ఊపాను.

"వద్దా?" అన్నాడు.

వద్దు.

"కొట్టొద్దా?"

వద్దు.

"మరెట్లా నేర్పాలి అయ్యగారూ?"

వెటకారం కాదు. నిజంగానే అడిగాడు. నాకు గొంతు ఉన్నా జవాబు ఉండేది కాదు. ఆ సిమెంటు నేల మీద కూర్చున్నాను. కాపలావాడు నన్ను లేవమంటాడేమోనని వెల్డర్ అటు చూశాడు. కాపలావాడు ఏమీ అనలేదు. ఎవరూ చెప్పకుండానే, కాసేపటికి, ఊచలకు అవతల అతనూ కూర్చున్నాడు.